ప్రశ్నార్థకాలైన పేర్లు

సావనీరు చేతికి రాగానే మనమందరం ముందు వెతుక్కునేది మన పేరే. కథలూ, కవితలూ ఆ తరువాతే! అలాంటిది, ఈసారి పూర్వ విద్యార్థుల జాబితా ప్రూఫు చూస్తే పేర్లున్న చోటల్లా ప్రశ్నార్థకాలు!

తప్పు ప్రెస్సు వారిది కాదు, నాది. ఎక్సెల్‌లో తెలుగులో కొట్టిన పేర్లను మామూలు సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేశాను. ఆ పద్ధతిలో తెలుగు అక్షరానికి చోటు లేదు. చోటు లేని ప్రతి అక్షరానికీ బదులు ఒక ప్రశ్నార్థకం పడుతుంది. తెరమీద అర్థంకాని పిచ్చి అక్షరాలు కనిపిస్తే ఫరవాలేదు, యూటీఎఫ్-8గా తెరిస్తే చాలాసార్లు తెలుగు తిరిగొస్తుంది. ప్రశ్నార్థకమైన పేరు మాత్రం ఆ ఫైలులో ఇక లేనట్టే.

"ఇంగ్లీషులో కొట్టేస్తే పోలా?" అన్నాడొక మిత్రుడు. నేనొప్పుకోను. ఇంగ్లీషు లిపిలో కళకూ, కలకూ తేడా ఉండదు. పోనీ ఇంగ్లీషుకైనా, అంకెలకైనా భద్రత ఉందా? హైదరాబాదు ఫోను కోడు 040 కొడితే 40 మిగులుతుంది. నంబరు మధ్యలో ఇంగ్లీషు 'ఇ' ఉండి 12ఇ4 అయిందా, దాన్ని లక్షా ఇరవై వేలుగా లెక్కగడుతుంది! 'మార్చ్1' అనే జన్యువు పేరు కొడితే మార్చి ఒకటో తారీకైపోయేది. ఆ బాధ పడలేక 2020లో జన్యువుల నామకరణ సంఘం వారు 'మార్చ్‌ఎఫ్1' అని పేరే మార్చేశారు. గడి కోసం పేరు మార్చుకోవడమా?

నా అభిప్రాయం ఒక్కటే. గడికి తగ్గట్టు పేరు వంగకూడదు, పేరుకు తగ్గట్టు గడిని మనం సిద్ధం చేయాలి. పని కూడా పెద్దదేం కాదు. రోల్ నంబర్లు, ఫోన్ నంబర్లు కొట్టకముందే ఆ వరసను 'టెక్స్ట్'గా మార్చాలి. లేదా నంబరుకు ముందు సింగిల్ కోట్ పెట్టాలి, గడిలో అది కనబడదు. సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి. పంపేముందు ఒకసారి తెరిచి చూడాలి.

సావనీరులో తప్పుపడితే మళ్ళీ అచ్చు వేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ లిస్టులో, మార్కుల పట్టికలో తప్పుపడితే నష్టపోయేది ఒక విద్యార్థి. మిత్రులారా, గురువులారా! మన చేతుల్లో ఉన్న ప్రతి గడిలోనూ ఒక మనిషి ఉన్నాడు. మరచిపోకండి.