నేల అడుగు లెక్క... ముందు ల్యాప్‌టాప్‌లో!

జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కేంద్రం గుర్తించిన 30 కీలక ఖనిజాల్లో గ్రాఫైట్, టైటానియం, జిర్కోనియం ఉన్నాయి. ఉత్తరాంధ్రకు ఇవి కొత్త కాదు. శ్రీకాకుళం తీరం ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్ ఉన్నాయి. విజయనగరం వైపు కొండల్లోని ఖొండలైట్ రాళ్లలో అక్కడక్కడా గ్రాఫైట్ కనిపిస్తుంది. అన్వేషణ పెరిగితే మన కుర్రాళ్లకు దక్కేదేంటి? రాయి గురించి తెలిసి, పైథాన్ కూడా వస్తే మొగ్గు వారికే.

ఒకే రంగు... కారణాలు మూడు

రెసిస్టివిటీ సర్వేలో నేలలోకి ఎలక్ట్రోడ్లు దిగేసి కరెంటు పంపుతారు, వోల్టేజీ కొలుస్తారు. పగుళ్లులేని గట్టిరాయి నిరోధకత వేల ఓమ్ మీటర్లు ఉండొచ్చు. తడి బంకమట్టి, ఉప్పునీరు చేరిన ఇసుక, గ్రాఫైట్... మూడింటికీ తక్కువే. అంటే సర్వే చిత్రంలో నీలం రంగు కనిపించగానే 'నీళ్లున్నాయి' అనేస్తే కుదరదు. ఆ మాట నమ్మి బోరు వేయించిన రైతుకు మిగిలేది అప్పే. అందుకే ముందు సింథటిక్ మోడల్ కట్టాలి. జవాబు మనమే పెట్టి, సర్వే దాన్ని పట్టగలదో లేదో చూడటమే ఇది.

గళ్లు ఇలా కట్టండి

ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 5 మీటర్లు అనుకుందాం. గడి వెడల్పు 1.25 మీటర్లు పెడితే మధ్యలో 4 గళ్లు వస్తాయి. లోతుకు వెళ్లేకొద్దీ మందం కొంచెం కొంచెంగా పెంచండి. సర్వే గీతకు రెండు పక్కలా, అడుగునా గళ్లను 1.3 రెట్ల చొప్పున పెంచుతూ దూరం జరపండి. లేకపోతే మోడల్ అంచు ప్రభావం లెక్కలోకి చొరబడుతుంది. 101 గీతలుంటే గళ్లు 100 మాత్రమే! నిరోధకత విలువ గడికి ఇవ్వాలి, గీతకు కాదు. నమ్‌పై, పైజిమ్లీ, సిమ్‌పెగ్... ఇవన్నీ ఉచితమే.

పైపొరకు 50, అడుగు రాయికి 2000 ఓమ్ మీటర్లు ఇవ్వండి. మధ్యలో ఒకసారి 10 (బంకమట్టి), మరోసారి 3 (ఉప్పునీరు) పెట్టి నడపండి. వచ్చిన డేటాకు 3 శాతం నాయిస్ కలిపి ఇన్వర్షన్ చేయండి. ఇన్వర్షన్‌కు వేరే గ్రిడ్ వాడాలి. అదే గ్రిడ్ వాడితే ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపించి మోసం చేస్తుంది. రెండు చిత్రాలూ ఒకేలా వస్తే, ఆ సర్వే ఒక్కదాన్నే నమ్మి నిర్ణయం తీసుకోకూడదని అర్థం.

ఉద్యోగ దారి

యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియోఫిజిసిస్ట్, కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్-బి పోస్టులు భర్తీ చేస్తారు. జియోఫిజిసిస్ట్ పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారూ అర్హులే. పరీక్షలో కోడింగ్ అడగరు. కానీ ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో అడిగితే, మీ మండలం నేలతో కట్టిన మోడల్ మీ తరఫున మాట్లాడుతుంది. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా అదే ఎంచుకోండి.