ఒకే నీటిపై మూడు పన్నులు

సాక్చి నుంచి సువర్ణరేఖ వంతెన దాటి మాంగోలో ప్రవేశించేవారికి డిమ్నా రోడ్డు అనగానే వాహనాల రద్దీయే గుర్తుకు వస్తుంది. అదే దారిలో నగరం దాటి ముందుకు సాగితే దల్మా కొండల పాదాల వద్ద డిమ్నా జలాశయం ఉంటుంది. జంషెడ్‌పూర్ నీటి అవసరాలకు టాటా స్టీల్ నిర్మించిన ఆ జలాశయంలో పడవ షికారు కార్మిక కుటుంబాల ఆదివారపు సరదా. పడవ కొని నీటిపై తిరగాలనుకునే వాడు కుబేరుడే అయి ఉంటాడన్న భావన ఇక్కడి వారికి కలగదు. ఢిల్లీకి మాత్రం కలిగింది.

2025 సెప్టెంబర్ 3న సమావేశమైన జీఎస్టీ మండలి వినోదానికీ క్రీడలకూ వాడే నౌకలను 40 శాతం శ్లాబులో చేర్చింది. అంతకు ముందు వాటిపై 28 శాతం పన్ను, 3 శాతం పరిహార సెస్సు ఉండేవి. సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేటు అమలులోకి వచ్చింది. పది లక్షల రూపాయల మరపడవపై పన్ను 3.10 లక్షల నుంచి 4 లక్షలకు పెరిగింది. తెడ్డు పడవలకూ కానోలకూ ఊరట దక్కింది. వాటి రేటు 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇక చేపల పడవలు, ప్రయాణికుల ఫెర్రీలు, విహార లాంచీలు 5 శాతం వద్దే ఉన్నాయి. ఒకే నీటిపై తేలే పడవలకు మూడు రేట్లన్నమాట. పదిమందిని ఎక్కించుకుని డబ్బు తీసుకునే పడవకు అయిదు, సొంత పిల్లలను ఎక్కించుకునే పడవకు నలభై.

చేపల పడవకూ ఫెర్రీకీ అమర్చే విడిభాగాలకు 5 శాతం పన్ను చాలు. వినోద పడవలు చేరిన 8903 పద్దు ఆ రాయితీ జాబితాలో లేదు. విడిభాగం అదే అయినా అది ఏ పడవకు చేరుతుందన్నదే ధరను నిర్ణయిస్తుంది. అద్దెకు తిప్పే వ్యాపారికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పొందే దారి ఉంది. సొంతంగా కొనుక్కున్నవాడు మొత్తం భరించవలసిందే.

విలాసంపై పన్ను వేయడం తప్పు కాదు. విలాసమంటే ఏమిటో తేల్చకుండా వేయడమే అభ్యంతరకరం. ఇదే మండలి అదే రోజున కార్ల విషయంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించింది. 1200 సీసీ లోపు ఇంజను, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉన్న పెట్రోలు కారుకు 18 శాతం, పెద్ద కారుకు 40. మోటారు సైకిళ్లకు 350 సీసీ వద్ద గీత గీసింది. పడవలకు ఆ గీత ఎందుకు లేదు? ముంబై తీరంలో లంగరు వేసే విలాస నౌకా, చెరువులో తిరిగే నలుగురి మరపడవా ఒకే పద్దు కిందికి వచ్చాయి. విలాస నౌక యజమాని తలుచుకుంటే దానిని విదేశీ జెండా కింద నమోదు చేయించుకోగలడు. చెరువులోని పడవ ఎక్కడికి పోతుంది?

సరిహద్దుల విషయంలో మాత్రం కేంద్రం మేలే చేసింది. 1917 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద ఒక రాష్ట్రంలో నమోదైన మరపడవ మరో రాష్ట్రంలోకి పోవాలంటే అక్కడి ఆమోదం వేరుగా కావలసి వచ్చేది. 2021 చట్టం ఒక రాష్ట్రపు నమోదు పత్రాన్ని దేశమంతటా చెల్లుబాటు చేసింది. జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీని విలువ తేలికగా బోధపడుతుంది. 2014 జూన్ 2 తరువాత నాగార్జునసాగర్ ఎడమ గట్టు తెలంగాణదీ, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌దీ అయింది. పాత చట్టమే ఉండి ఉంటే ఒక గట్టు నుంచి మరో గట్టుకు పోయే మరపడవకు రెండు రాష్ట్రాల కాగితాలు అవసరమయ్యేవి. బ్రిటిష్ పడవ యజమానుల అనుభవం ఇందుకు తలకిందులు. బ్రెగ్జిట్ తరువాత వారి పడవ పన్ను కట్టకుండా ఐరోపా సమాఖ్య జలాల్లో 18 నెలలు ఉండవచ్చు. వీసా లేని యజమాని మాత్రం షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. పడవ అక్కడ, యజమాని ఇక్కడ!

అయితే మాంగో వద్ద ఈ స్వేచ్ఛకు నీళ్లే చాలడం లేదు. సువర్ణరేఖ ఇక్కడి నుంచి ఘాట్‌శిల మీదుగా పశ్చిమ బెంగాల్, ఒడిశాల గుండా సముద్రం చేరుతుంది. 2016లో పార్లమెంటు దానిని జాతీయ జలమార్గాల జాబితాలో చేర్చింది. వేసవిలో బయటపడే ఇసుక మేటలూ, గాలూడీహ్ బ్యారేజీ ఆ జాబితాను చదవలేదు. ఇక్కడి పడవ డిమ్నాకో, చాండిల్ జలాశయానికో పరిమితం. మూడు రాష్ట్రాల్లో చెల్లే పత్రం జేబులో ఉన్నా ప్రయాణం గట్టు దాటదు. పన్ను మాత్రం సముద్రాలు దాటే నౌకతో సమానం.

సెప్టెంబర్ సమావేశానికి జార్ఖండ్ సహా ప్రతిపక్ష పాలిత రాష్ట్రాలు రాబడి నష్టానికి పరిహారం కావాలన్న డిమాండుతో వెళ్లాయి. ఆ డిమాండు న్యాయమైనదే. దానితో పాటు 8903 పద్దును పొడవు, ఇంజను శక్తిని బట్టి విభజించాలన్న ప్రతిపాదన రాంచీ నుంచి వెళ్లవచ్చు. మండలి ఓటింగులో రాష్ట్రాల వాటా మూడింట రెండు వంతులు. జలాశయాల పర్యాటకంపై ఆశలు పెట్టుకున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళలకు కూడా ఇందులో ప్రయోజనం ఉంది. చిన్న కారుకు గీసిన గీతను చిన్న పడవకు గీయడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఒక నోటిఫికేషన్ సరిపోతుంది.