తలలోని గడ్డకు వెన్నున చికిత్స యేల?



మా కొండాపూరున మా పొరుగింట నెనిమిదేండ్ల బాలిక గలదు. గడచిన వేసవికి ముందు ఆ పిల్ల తెల్లవారగనే తలనొప్పియని యేడ్చి, వాంతి చేసికొని, పిదప తేరుకొని బడికి బోవుచుండెడిది. ఇంటివారు పైత్యమనిరి. మేము దిష్టియని మిరపకాయలు దిగదుడిచి, అల్లపురసము త్రాగింప జెప్పితిమి. మూడువారములకు నడకలో తూలుట కనబడెను. అప్పుడుగదా ఎమ్.ఆర్.ఐ. తీయించిరి, చిన్నమెదడున గడ్డ! ఆ యాలస్యమున మా పాలును గలదు. దాని నిచట దాచము.

శస్త్రచికిత్సచే గడ్డను దీసివేసిరి. పిల్ల లేచి కూర్చుండి నవ్వెను. అంతట వైద్యులు, తలకేగాక వెన్నుపొడవునను కిరణచికిత్స చేయవలెననిరి. “గడ్డ తలలో నుండెను, అదియు బోయెను, పసిదాని వీపు నేల కాల్చుట?” అని నాయనమ్మగా రడ్డుపడిరి. తల్లి దిక్కుతోచక మాయొద్దకు వచ్చెను. వైద్యుల నడిగియు, మావారు తెచ్చిన గ్రంథములు చదివియు మేమామెకు జెప్పిన సంగతులే మీకును మనవిచేయుచున్నాము.

ఆ గడ్డపేరు మెడులోబ్లాస్టోమా. పిల్లల మెదడున బుట్టు క్యాన్సరులలో నిదియే తరచుగ గనబడునది. పెక్కు క్యాన్సరులు రక్తమువెంట కాలేయమునకో, ఊపిరితిత్తులకో పోవును. ఇది మెదడు, వెన్నుపాము దాటి యట్లు పోవుట యరుదు. దీని బాట వేఱు. మెదడులోని గదులయందు తేటనీ రూరుచుండును. పెద్దలలో నది యొకసారికి రమారమి 150 మిల్లీలీటర్లే యున్నను, దినమునకు 500 మిల్లీలీటర్లవఱకు క్రొత్తగ నూరి, పాతది రక్తమున గలియుచుండును. చిన్నమెదడు ముందున్న గదినుండి ఆ నీరు వెలువడి మెదడుచుట్టును, వెన్నుపాము పొడవునను దిరుగును. గడ్డ ఆ గదియొడ్డుననే పుట్టుటచే, దాని కణములు రాలి, కాలువనీట గొట్టుకొనిపోవు కలుపువిత్తులవలె దిగువకు జేరి, వెన్నుపాముపై పొరలయందు మొలకెత్తును. రోగము బయటపడునాటికే రమారమి మూడింట నొకవంతు పిల్లలలో నిట్లు వ్యాపించియుండును. ఈ కణములు రక్తముద్వారమునను దిరిగి మరల ఆ పొరలకే చేరగలవని 2018లో టొరంటో శాస్త్రజ్ఞులు ఎలుకలయందు పరిశోధించి చూపిరి.

అందుచేతనే వెన్నునకు ఎమ్.ఆర్.ఐ. తీయుదురు, నడుమున సూదితో ఆ నీటిని దీసి పరీక్షింతురు. ఐనను కొలదిపాటి కణములు పరీక్షకు జిక్కవు. భారతమున సేనలన్నియు గూలినను, దుర్యోధనుడు మడుగున దాగియున్నంతవఱకు పాండవులకు యుద్ధము ముగియలేదు గదా! ఇదియు నట్టిదే.

వెన్నంతటికిని కిరణములు సోకించినగాని యీ పిల్లలు బ్రదుకరని లోకమునకు చూపినవారిలో నొక స్త్రీ ముఖ్యురాలు. మాంచెస్టరు నగరపు వైద్యురాలు ఈడిత్ పాటర్సన్ 1953లో సహచరునితో గూడి ఆ ఫలితములను ప్రకటించెను. నేడు వ్యాప్తి లేని పిల్లలలో చికిత్స సాంతముగ జరిగినచో, అయిదేండ్ల పిదపను నూటికి 70 మందికి పైగా జీవించియున్నారు.

నాయనమ్మగారి భయము నిష్కారణము గాదు. కిరణములు తగులునప్పుడు నొప్పి లేకున్నను, ఎదుగుదలకును, చదువునకును కొంత లోపము కలుగవచ్చును. కావుననే మూడేండ్లలోపు శిశువులకు సాధ్యమైనంతవఱకు వానిని మాని మందులే యిత్తురు. కొన్ని పద్ధతులలో మెథోట్రెక్సేట్ అను మందును ఆ నీటిలోనికే యెక్కింతురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలయందు బుట్టిన మందది. మన తెలుగుబిడ్డ పుణ్యము!

నాయనమ్మగారు తుద కొప్పుకొనిరి. ఆఱువారముల చికిత్స ముగిసినది. పిల్లకు జుట్టు మరల మొలచుచున్నది. పరీక్షలు మాత్ర మింకను గలవు.

సోదరీమణులారా! ప్రాతఃకాలపు వాంతులు, తగ్గని తలనొప్పి, తూలు నడక, మెల్లకన్ను, తల యొకప్రక్కకు వంచుట, పసిబిడ్డల తల మితిమీరి పెరుగుట కనబడినచో దిష్టి తీయుడు, కాదనము. కాని ఆ దినముననే వైద్యునికి జూపుడు. ఇది యంటువ్యాధి గాదు, తల్లి దోషమును గాదు. ఖర్చునకు వెఱచువారికి హైదరాబాదున రెడ్ హిల్స్ యందలి ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రియు, ఆరోగ్యశ్రీ పథకమును గలవు. బిడ్డ నవ్వినదని చికిత్సను నడుమ విడువకుడు.