నదిని దాటింది ఎవరు?



పటాన్‌చెరు దగ్గర మా సంఘములో ఇద్దరు యౌవనస్థులు ఉన్నారు. ఒకడు ఇంటర్ రెండో సంవత్సరం, ఇంకొకడు పాలిటెక్నిక్. సండే స్కూలు రోజులనుండి ఒకే బెంచీమీద కూర్చున్నవారు. మొన్న వానాకాలంలో వరుసగా మూడు ఆదివారాలు ఒకడు ముందు వరుసలో, ఒకడు తలుపు దగ్గర కూర్చున్నారు. ప్రభువు బల్ల దగ్గరికి కూడ వేరువేరుగా వచ్చారు. డబ్బు తగాదా కాబోలు అనుకున్నాను. తీరా పిలిచి అడిగితే అది యుద్ధమని తేలింది. మంజీర నది ఒడ్డున జరిగిన యుద్ధము!

కంగారు పడకండి. అది నోటుపుస్తకాల్లో జరిగిన యుద్ధము. ఎనిమిదిమంది పిల్లలు కలిసి ఒక ఆట ఆడుతున్నారు. ఒక్కొక్కరికి ఒక దేశం. దానికి పేరు, జెండా, ఖజానా, పంటలు, సైన్యం. వారానికొకసారి ప్రతివాడు తన రాజ్యం ఏం చేస్తుందో కాగితంమీద రాసి ఇస్తాడు. రెండు సైన్యాలు ఎదురైనప్పుడు గెలుపు లెక్కకట్టే యంత్రం ఏదీ లేదు. మాటకు మాట వాదించుకుని తేల్చుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు ఆటమీద కోపం రాలేదు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీని నిషేధించినప్పుడు మా కాలనీ తల్లులు ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. దానితో పోల్చితే ఈ ఆటలో భూగోళం ఉంది, లెక్కలు ఉన్నాయి. పదివేలమందికి నెలకు ఎన్ని బస్తాల బియ్యం కావాలని ఒకడు నన్నే అడిగాడు.

తగాదా ఇది. మంజీర ఇద్దరి రాజ్యాలకు సరిహద్దు. ఇంటరువాడు వంతెన పేల్చేశాడు. పాలిటెక్నిక్‌వాడు నలభై యుద్ధ శకటాలను నీళ్లలోకి దింపాడు. "నావి నీళ్లల్ల పోతయి సార్, దాటినయి, నేనే గెలిచిన" అంటాడు వీడు. "వానాకాలం బురద సార్, ఒడ్డు ఎక్కనే ఎక్కవు, అన్నీ మునిగినయి" అంటాడు వాడు. తక్కిన ఆరుగురు మూడుకు మూడు చీలిపోయారు. చివరికి "మీరే చెప్పుండ్రి సార్" అని నామీద పెట్టారు. గిద్యోను మూడువందలమంది సంగతి అడిగితే చెప్పగలను కాని, శకటాల సంగతి నాకేం తెలుసు?

తెలిసినవారు మాత్రం దూరంలో లేరు. సంగారెడ్డి వైపు ఎద్దుమైలారంలో 1984లో స్థాపించిన ఆయుధ కర్మాగారం ఉన్నది. మన సైన్యానికి 'శరత్' అనే యుద్ధ శకటాలు తయారయ్యేది అక్కడే. అందులో పనిచేసి రిటైరైన సంఘస్థుడు ఒకాయన ఉంటే, ఇద్దరినీ ఆయన ఇంటికి తీసుకుపోయాను. ఆయన టీ ఇచ్చి చెప్పారు: బండి బరువు పద్నాలుగు టన్నుల పైమాటే. నడిపేందుకు, పేల్చేందుకు ముగ్గురు, వెనకాల ఏడుగురు సిపాయిలు. నీళ్లలో తేలుతూ పోతుంది, అది నిజమే. పాలిటెక్నిక్‌వాడి ముఖం వెలిగిపోయింది. అప్పుడు ఆయన అన్నారు, "తేలుతది బిడ్డా. ఎక్కుడే కష్టం. ఒడ్డు ఎట్లున్నదో చూసినవా?" వాడు చూడలేదు. వీడూ చూడలేదు. తీర్పు మాత్రం ఆయన కూడ చెప్పలేదు. "నలభై బండ్లల్ల నాలుగువందలమంది ఉంటరు, వాళ్లను ఒక్క గీతతోని ముంచితివి" అని ఇంటరువాడితో అని ఊరుకున్నారు.

ఆట తగాదా నిజం తగాదా కావడం మన తెలుగువారికి కొత్త కాదు. పల్నాటి కథలో నాగమ్మ కోడి, బ్రహ్మనాయుడి కోడి పోరాడితే, ఓడినవారు ఏడేండ్లు వలసపోవలసి వచ్చింది. ఆ పందెం తగవు కారెంపూడి రణరంగం దాకా నడిచింది. మన బైబిలులో సమూయేలు రెండవ గ్రంథము రెండవ అధ్యాయం తెరిచి చూడండి. గిబియోను కొలనుకు ఇటు యోవాబు మనుష్యులు, అటు అబ్నేరు మనుష్యులు. మన యెదుట పడుచువాళ్లను ఆడనిద్దామని అబ్నేరు అంటే సరేనన్నాడు యోవాబు. పక్షానికి పన్నెండుమంది లేచారు, ఇరవై నలుగురూ ఒకేసారి కూలిపోయారు. గెలుపు ఎవరిదో తేలలేదు. తేలకపోవడంవల్లనే ఆ దినం ఘోరయుద్ధం జరిగింది. సాయంత్రానికి ఇటు అశాహేలుతో కలిపి ఇరవైమంది, అటు మూడువందల అరవైమంది. ఆ కొలను దగ్గర తీర్పరి అనేవాడు ఒక్కడూ లేడు.

యుద్ధాన్ని ఆటగా నేర్చుకున్న సైన్యాలు ఈ సంగతి కనిపెట్టాయి. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటను పటాలతో, పాచికలతో స్థిరపరిచాడు. అందులో ఇద్దరు ఆటగాళ్లకు మధ్య మూడో మనిషి కూర్చుంటాడు. ఆజ్ఞలు రాసి ఆయనకే ఇవ్వాలి. ఎదుటివాడి సైన్యంలో నీ కంటికి ఆనేది ఎంతో అంతే ఆయన చూపిస్తాడు. దెబ్బ తగిలిందా లేదా ఆయనే చెప్తాడు. ఎంత తెలివైన సేనాపతి అయినా తన నష్టాన్ని తాను సరిగ్గా లెక్కపెట్టలేడని వారికి తెలుసు కాబోలు.

అయితే మూడో మనిషి ఉంటే సరిపోతుందా? 1942 మే నెలలో జపాను నౌకాదళం మిడ్వే దండయాత్రను 'యమాతో' అనే యుద్ధనౌకమీద ముందుగా ఆటగా ఆడి చూసుకున్నది. అప్పటి సంగతి ఫుచిదా మిత్సువో, ఒకుమియా అనే ఇద్దరు జపాను అధికారులు తరువాత పుస్తకంగా రాశారు. ఆటలో అమెరికా విమానాలు దాడి చేసినప్పుడు పాచికలనుబట్టి తొమ్మిది బాంబులు తగిలి, అకాగి, కాగా అనే రెండు విమాన వాహక నౌకలు మునిగాయి. ఆటకు పెద్దగా ఉన్న అడ్మిరల్ ఉగాకి, తొమ్మిది కాదు మూడే తగిలినట్టు రాయమన్నాడు. అకాగి బ్రతికింది. తరువాతి ఆటలో కాగా కూడ నీళ్లలోనుండి తిరిగి లేచింది. తీర్పరి లెక్కను సవరించడం ప్రతిసారీ తప్పు కాదని చరిత్రకారులు కొందరు వాదిస్తారు, అదీ నిజమే కావచ్చు. కాని జూన్ మొదటివారంలో మిడ్వే దగ్గర అకాగి, కాగా, వాటితోపాటు ఇంకా రెండు నౌకలు నిజంగానే మునిగిపోయాయి. వాటిని మరల లేపగల పెద్ద ఎవరూ లేరు.

ఈ ఫుచిదా ఎవరో మన పిల్లలకు చెప్పవలసినదే. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీదికి విమానాలను నడిపించిన నాయకుడు. యుద్ధమైన తరువాత ఆయన చేతికి ఒక కరపత్రం వచ్చింది. రాసినవాడు జేకబ్ డిషేజర్, 1942 ఏప్రిల్‌లో జపానుమీద బాంబులు వేసి పట్టుబడి, నలభై నెలలు చెరలో బాధలుపడ్డ అమెరికా సైనికుడు. చెరలోనే బైబిలు చదివి, తనను కొట్టినవారిని క్షమించి, 1948లో మిషనరీగా అదే జపానుకు తిరిగి వెళ్లాడు. అది చదివిన ఫుచిదా కొత్త నిబంధన కొనుక్కుని చదివాడు, క్రీస్తును అంగీకరించాడు, సువార్తికుడయ్యాడు. తమవాళ్లు ఆటలో ఓటమిని ఎలా తుడిచేసుకున్నారో లోకానికి చెప్పినది ఈయనే. ఓడినవాడు తన పక్షపు తప్పును తన చేతితో రాయడం అంత సులువు కాదు.

ఈ కథంతా ఆ ఇద్దరికి చెప్పి ఒక పని అప్పగించాను. ఎవరి వాదన వారు రాయకూడదు. ఎదుటివాడు ఎందుకు గెలిచి ఉంటాడో రాసుకుని రావాలి. ఇంటరువాడు ముఖం మాడ్చుకున్నాడు. అయినా పది దినాలకు ఇద్దరూ కాగితాలు తెచ్చారు.

పాలిటెక్నిక్‌వాడు సంగారెడ్డి బస్సెక్కి మంజీర చూసి వచ్చాడట. నల్లరేగడి ఒడ్డు, గేదెలు సైతం దిగినచోట ఎక్కలేక చుట్టూ తిరిగి వస్తున్నాయని రాశాడు. "నా బండ్లు సగం అక్కడనే ఇరుకుతయి" అని తనే ఒప్పుకున్నాడు. ఇంటరువాడేమో, పది బండ్లు ఎక్కినా చాలు, వంతెన దగ్గర తాను పెట్టిన కాపలా నూరుమంది కూడ లేరు, అన్నం పంపడం మూడు వారాలుగా మరిచిపోయానని రాశాడు. రెండూ చదివి వినిపిస్తే తక్కినవాళ్లు నవ్వారు. ఇప్పుడు ఇద్దరూ ఎదుటివాడే గెలిచాడంటున్నారు గనుక తీర్పు మళ్లీ మొదటికి వచ్చింది.

నదిని దాటింది ఎవరో ఈ ఉత్తరం రాసేనాటికి తేలలేదు. పోయిన ఆదివారం ఆరాధన ముగిసినాక గేటు దగ్గర గంటసేపు నిలబడి అదే వాదన. "అరే, నువ్వు బురద లోతు కొలిచినవా?" "నువ్వు కొలిచినవారా?" అని వినబడుతూనే ఉన్నది. తరువాత ఇద్దరూ ఒకే బండిమీద ఇంటికి పోయారు.