వినకుండా పంపివేయడం న్యాయమా?

శరణు కోరిన ప్రతి ఒక్కరికీ ఆశ్రయం ఇచ్చి తీరాలని ఎవరూ అనడం లేదు. అయితే కాదని పంపివేసే ముందు అతని మాట విన్నారా, వెళ్లే చోట చిత్రహింసలు పొంచి ఉన్నాయేమో చూశారా అని ప్రశ్నించే అధికారం న్యాయమూర్తికి ఉండాలి. మన దేశంలో ఆ ప్రశ్నకు చోటు ఇరుకుగానే ఉంది.

గుడిమల్కాపూర్‌లో ఉండే మనకు ఇది పరాయి విషయం కాదు. నగరానికి ఆ చివరన బాలాపూర్ బస్తీల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డే వారికి ఆధారం. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారత్ చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై 1997లో సంతకం చేసినా ధ్రువీకరించలేదు. ఆ సంస్థ దరఖాస్తును తిరస్కరిస్తే పునఃపరిశీలన కూడా అక్కడే జరుగుతుంది. ప్రభుత్వం కార్డును లెక్కచేయకపోతే శరణార్థుల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్ అంటూ లేదు. మిగిలేది రిట్ పిటిషన్ ఒక్కటే.

ఆ తలుపు తట్టినవారికి భిన్నమైన జవాబులు వచ్చాయి. పౌరుడైనా కాకున్నా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాలని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరు ఇరాకీయుల కేసులో 1998లో గుజరాత్ హైకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. దేశ భద్రతకు ముప్పు లేనంతవరకు, ప్రాణాపాయం ఉన్న చోటికి పంపరాదన్న సూత్రం ఆర్టికల్ 21లోనే ఇమిడి ఉందని చెప్పింది. కానీ జమ్మూ రోహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. బహిష్కరణకు గురికాని హక్కు దేశంలో నివసించే హక్కుకు అనుబంధమని, అది పౌరులదేనని, నిర్దేశిత విధానం పాటించి పంపవచ్చని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. నెల తిరగకుండానే, మే 3న, మణిపూర్ హైకోర్టు ఏడుగురు మయన్మార్ వాసులు ఢిల్లీలోని శరణార్థుల సంస్థ వద్దకు క్షేమంగా వెళ్లేందుకు అనుమతించింది.

ఆ నిర్దేశిత విధానంలో ఏముంది? ఇతను మీ దేశస్థుడేనా అని మయన్మార్ ప్రభుత్వాన్ని అడగడం. ఎవరికి భయపడి పారిపోయాడో వారినే అడుగుతున్నాం. తిరిగి వెళితే నీకేమవుతుందని అతన్ని మాత్రం అడగడం లేదు. రోహింగ్యాలను జాతి నిర్మూలన నుంచి కాపాడాలని 2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించింది కూడా ఆ దేశాన్నే!

హబషాకు హిజ్రత్ చేసిన ముస్లింలను తమకు అప్పగించమని ఖురైషీల దూతలు కానుకలతో వెళ్లినప్పుడు, రాజు నజాషీ వారి మాట వినకుండా అప్పగించనన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) చెప్పింది విన్న తర్వాతే తీర్పు చెప్పాడు. ఆ వినికిడి వల్ల రక్షణ పొందిన సమాజం మనది.

దేశ భద్రత మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వినడమంటే ఉండనివ్వడం కాదు. ముప్పుందని ఆధారాలు చూపితే న్యాయస్థానం కాదనవచ్చు. మనం కోరవలసినవి మూడు: కారణాలతో, అర్థమయ్యే భాషలో రాతపూర్వక ఉత్తర్వు, అమలుకు ముందు హైకోర్టుకు వెళ్లే వ్యవధి, చిత్రహింసల ముప్పుపై ప్రత్యేక పరిశీలన. నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. ఎవరినైనా పట్టుకెళ్లారని తెలిసిన రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టడం మన కార్యకర్తలు వెంటనే చేయగలిగిన పని. విమానం ఎక్కించాక గెలిచిన కేసు ఎవరినీ కాపాడదు.