పేగుల సంగతి సరే, మందుల రిజిస్టర్ ఏది?

పేగుల్లోని బ్యాక్టీరియాకూ క్యాన్సర్ రోగి పడే బాధలకూ సంబంధం ఉందన్న వార్త రావడమే ఆలస్యం, చర్చంతా పెరుగు గిన్నె చుట్టూ, ప్రోబయోటిక్ పొట్లాల చుట్టూ తిరుగుతోంది. నీరసం, నిద్రలేమి ఉన్నవాళ్ల పేగుల్లో ఫలానా క్రిములు తక్కువని తేలినంత మాత్రాన, ఆ క్రిములు తగ్గినందుకే నీరసం వచ్చిందని కాదు. తిండి సయించక క్రిములే తగ్గి ఉండొచ్చు. ఈ చిన్న తిరకాసును ఎవరూ పట్టించుకోవడం లేదు.

పట్టించుకోవాల్సిన కథ 1993లో జపాన్‌లో జరిగింది. సర్పి జబ్బుకు సోరివుడిన్ అనే కొత్త మందు వచ్చింది. ఫ్లోరోయురాసిల్ తరహా క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు దాన్ని కూడా వేసుకున్నారు. కొద్ది వారాల్లోనే పదిహేను మందికి పైగా చనిపోయారు. పేగుల్లోని బ్యాక్టీరియా సోరివుడిన్‌ను మరో పదార్థంగా మార్చింది. ఫ్లోరోయురాసిల్‌ను విరిచేసే ఎంజైమును ఆ పదార్థం కట్టేసింది. దాంతో క్యాన్సర్ మందు ఒంట్లోనే పేరుకుని విషమైంది. ఇరినోటెకాన్ ఇచ్చినప్పుడు పట్టుకునే విరేచనాల వెనకా క్రిముల పనే ఉంది: కాలేయం నిర్వీర్యం చేసి పంపిన మందును పేగుల్లోని క్రిములు మళ్లీ నిద్రలేపుతాయి. అంటే క్రిములనూ, వాటికి తగిలే మందులనూ విడదీసి మాట్లాడలేం.

మరి మన దగ్గర రోగి ఒంట్లోకి ఏ మందులు వెళ్తున్నాయో ఎవరు చూస్తున్నారు? నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) సంగతే తీసుకుందాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న అచ్చంపేట ఆడమనిషికి ఇంటికెళ్లాక అర్ధరాత్రి విరేచనాలు పట్టుకుంటే దగ్గర్లో దొరికేది ఊరి ఆర్‌ఎంపీ వైద్యుడే. ఒక సూది, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ షీటు ఒకటి. రేడియేషన్‌తో పేగు పొర దెబ్బతిని వచ్చే విరేచనాలకు యాంటీబయాటిక్ మందు కాదు, పైగా మిగిలిన మంచి క్రిములను ఊడ్చేస్తుంది. చికిత్స ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ కార్డుకు ఈ షీటు సంగతి తెలియదు.

నిజానికి ఇలాంటి మందులు ఎవరికి ఎంత ఇచ్చారో రాసిపెట్టడానికి చట్టం ఉంది. 2013 ఆగస్టు 30న కేంద్రం డ్రగ్స్ రూల్స్‌లో హెచ్1 షెడ్యూలు చేర్చింది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ జాబితాలోని 46 మందుల్లో సెఫిక్సిమ్, సెఫ్ట్రయాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్ ఉన్నాయి. చీటీ రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది విడి రిజిస్టర్‌లో రాయాలి, మూడేళ్లు దాచాలి. రాయాల్సింది మాత్రం దుకాణదారు. ఆర్‌ఎంపీ సంచిలోంచి నేరుగా రోగి ఒంట్లోకి వెళ్లే సూది ఏ రిజిస్టర్‌కూ ఎక్కదు. నియమం మెడికల్ షాపు కౌంటర్ దగ్గరే ఆగిపోయింది.

ప్రోబయోటిక్‌లను తీసిపారేయక్కర్లేదు. థాయ్‌లాండ్ వైద్యులు 2010లో ప్రచురించిన పరీక్షలో, కటి భాగానికి రేడియేషన్ తీసుకుంటున్న 63 మంది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం కలిపి వాడినవాళ్లకు ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలు బాగా తగ్గాయి. కానీ 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూసింది వేరు. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయోటిక్ మింగినవాళ్ల సొంత క్రిములు తిరిగి కుదురుకోవడానికి, ఏమీ మింగనివాళ్ల కంటే ఎక్కువ కాలం పట్టింది. ముందు యాంటీబయాటిక్, వెనకే దాని నష్టానికి పొట్లం అనే మన అలవాటు మీద అనుమానం రావడానికి ఇది చాలు. తైదంబలి, జొన్న గటక తిని పెరిగిన పేగుకు ఏ క్రిమి సొంతమో సీసా మీది చీటీ చెప్పదు.

ఒక్క మినహాయింపు, అదీ గట్టిగా చెప్పాలి: కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తే యాంటీబయాటిక్ గంటలోపు పడాల్సిందే, అదీ ఆసుపత్రిలో. డిశ్చార్జి కాగితం మీద ఈ తేడాను తెలుగులో రెండు వాక్యాల్లో అచ్చువేయడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. హెచ్1 రిజిస్టర్‌ను నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తెరిచి చూడటానికి అధికారం పదేళ్లకు పైగా ఉంది, ఆర్‌ఎంపీల సంచుల్లోకి వెళ్లే టోకు సరుకు లెక్క కూడా వాళ్లే అడగాలి.