‘ఇంటి రుచి’ వెనక ఎవరి చేతులు?

ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం జరుపుతారు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన రోజు అది. ఆ సభల్లో తప్పకుండా వినిపించే మాట ‘వినియోగదారుడే రాజు’. బిల్లు అడిగి తీసుకోండి, తూకం సరిచూసుకోండి, గడువు తేదీ చదవండి అని వక్తలు చెబుతారు. అవన్నీ అవసరమే. కానీ ఆ ‘రాజు’ అన్న మాటలో రెండు అబద్ధాలున్నాయి. మొదటిది, ఇంటికి ఉప్పూ పప్పూ చూసుకునేదీ, గ్యాసు బుక్ చేసేదీ, టైలర్ చుట్టూ తిరిగేదీ, పండక్కి పిండివంటల ఏర్పాట్లు చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. రెండోది, రాజు ఉన్నచోట చాకిరీ చేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ గురించి ఆ సభల్లో ఒక్క మాటా వినపడదు.

స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనం కూడా ఈ విషయాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కొనుగోలు అనేది మన ఇంటి ఖర్చు వ్యవహారంగానే మిగిలిపోయింది. అది మనకీ మరో స్త్రీకీ మధ్య శ్రమ సంబంధమని గుర్తించాల్సిన అవసరం ఉంది.

పిండివంటల సంగతే చూద్దాం. మన పట్టణాల్లో ‘స్వగృహ’ పేరుతో దుకాణం లేని పేట దాదాపు లేదు. అరిసెలు, సున్నుండలు, జంతికలు, గవ్వలు, ఆవకాయ, గోంగూర, అన్నీ అక్కడ దొరుకుతాయి. వీటిని కొనుక్కుంటే బంధువుల్లో ఎవరో ఒకరు ‘ఈ కాలం ఆడవాళ్ళకి వొళ్ళు వంగదు’ అనకమానరు. వాళ్ళ జ్ఞాపకంలో అరిసె రుచి ఉందిగానీ దాన్ని చేసిన మనిషి నడుంనొప్పి లేదు. అరిసెలు ఒక్క మనిషితో అయ్యే పనా? బియ్యం నానబెట్టాలి, తడి ఆరకుండా పిండి కొట్టాలి, పాకం పట్టాలి. ఒకరు తడుతుంటే ఒకరు వేయించాలి, ఇంకొకరు నూనె వత్తాలి. ఉమ్మడి కుటుంబాల్లో ఆ నాలుగు జతల చేతులూ జీతం లేని చేతులే. ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన స్త్రీ ఆ పని నెత్తికెత్తుకోకుండా కొనుక్కోవడం బద్ధకం కాదు. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇక్కడే చట్టంలోని ఒక సంగతి చెప్పుకోవాలి. 1986 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ ‘సేవ’ అంటే ఏమిటో నిర్వచించారు. ఉచితంగా చేసేది అందులోకి రాదు. డబ్బు తీసుకోనివాళ్ళ మీద దావా వేయకూడదన్నది దాని ఉద్దేశం, అందులో న్యాయం ఉంది. అయినా ఆ వాక్యం మన సమాజానికి అద్దం పడుతుంది. ఇంట్లో స్త్రీ రోజంతా చేసే చాకిరీ లెక్కలోకి రాని సేవ. ఉప్పు తక్కువైందని రోజూ ఫిర్యాదు చేసే మగవాళ్ళకి మాత్రం ఏ వినియోగదారుల కమిషనూ అక్కర్లేదు.

ఆ పని డబ్బిచ్చి కొనుక్కునే సరుకైనప్పుడైనా దానికి విలువ రావాలి కదా? రాలేదు. పని మన వంటింట్లోంచి దుకాణం వెనక గదిలోకి మారింది, అంతే. చేసే చేతులు మళ్ళీ ఆడవాళ్ళవే, ఈసారి మనకంటే పేద ఆడవాళ్ళవి. మా పేటలో నేను తరచూ వెళ్ళే ఒక దుకాణంలో ‘ఇవన్నీ ఎవరు చేస్తారండీ?’ అని అడిగితే, యజమాని ‘మా ఇంట్లోవాళ్ళేనండీ’ అన్నాడు. వెనక తలుపు తెరిచే ఉంది. కిటికీ లేని గదిలో ఐదుగురు స్త్రీలు పెద్ద మూకుళ్ళ దగ్గర పనిచేస్తున్నారు. ‘వీళ్ళకి రోజుకి ఎంతిస్తారు?’ అని అడిగాను. ‘అవన్నీ మీకెందుకు మేడమ్, సరుకు బాగుందో లేదో చూసుకోండి’ అన్నాడు.

ఈ మాటని ఒక వ్యక్తి దురుసుతనంగా తీసిపారేయకూడదు. వినియోగదారుల చైతన్యం పేరుతో ఇన్నేళ్ళుగా మనకి నేర్పుతున్నదీ అదే. సరుకు చూడు, మనిషిని చూడకు. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర గడువు తేదీ పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. మంచిదే. లడ్డూ ఎన్నాళ్ళు నిలవుంటుందో మనకి తెలుస్తోంది. దాన్ని చుట్టినామె ఎన్ని గంటలు నిలబడిందో, మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్ళిందో ఏ చీటీ మీదా ఉండదు.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనందరం సంతోషించాం. ఆ రేకు ఎలా వస్తుంది? బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగి, పొరని చిరగకుండా తీయాలి. కోనసీమ స్త్రీలు ఏళ్ళ తరబడి మంట దగ్గర, పొగలో కూర్చుని సాధించిన నైపుణ్యం అది. భౌగోళిక గుర్తింపు ఊరి పేరుని కాపాడుతుంది. వేరే ఊరివాడు ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. రేకు తీసే స్త్రీకి ఇంత కూలి రావాలని మాత్రం అది చెప్పదు. ఊరికి కీర్తి, పెట్టుబడి పెట్టినవాడికి లాభం, ఆమెకి కళ్ళమంట.

మిగతా సేవలు కూడా ఇంతే. టైలర్ షాపులో జాకెట్టు కుట్టుకూలి పెరిగిందని మనం విసుక్కుంటాం. ఉక్సులు కుట్టడం, చేతికుట్టు, చీరకి ఫాల్ వేయడం చాలాచోట్ల ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళకి ముక్కకింత అని ఇస్తారు. పెరిగిన కూలిలో వాళ్ళ వాటా ఎంతో మనం అడగం. ఇక యాప్‌లో పిలిస్తే ఇంటికొచ్చి థ్రెడింగ్ చేసి వెళ్ళే అమ్మాయి ఉంది. మనం తోచినట్టు ఇచ్చే నక్షత్రాల మీద ఆమె రేపటి పని ఆధారపడుతుంది. సూపర్‌వైజర్ పనిని కంపెనీ మన చేత చేయిస్తోంది, జీతం లేకుండా. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో ఇలాంటి మహిళలు కంపెనీ ఆఫీసు ముందు ధర్నా చేసి, ఎక్కువ కమిషన్ మీదా రేటింగుల మీదా నిరసన తెలిపేదాకా చాలామందికి ఈ సంగతే తెలియదు.

‘కూలి పెంచితే ధర పెరుగుతుంది, మధ్యతరగతి ఆడవాళ్ళు కొనలేరు’ అని కొందరంటారు. కొంత నిజమే. కానీ నూనె ధర పెరిగినప్పుడు, షాపు అద్దె పెరిగినప్పుడు, ఏసీ పెట్టినప్పుడు పెరిగిన ధరని మనం ఇస్తూనే ఉన్నాం. కూలి దగ్గరికి వచ్చేసరికే మన స్తోమత ఎందుకు గుర్తొస్తుంది? వంట ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే విద్య, దానికి అంత ఇవ్వాలా అన్న పితృస్వామ్య ఆలోచన మన పర్సులో కూడా కూర్చుని ఉండబట్టి.

అడిగితే ఏమవుతుందో కేరళ చూపించింది. కోళిక్కోడ్‌లో మిఠాయి తెరువు అనే వీధి ఉంది. అక్కడి దుకాణాల్లో పనిచేసే స్త్రీలకి మరుగుదొడ్డి లేదు, రోజంతా కూర్చునే వీలు లేదు. స్వయంగా దర్జీ పని చేసిన విజి, ‘పెణ్‌కూట్టు’ సంఘం ద్వారా వాళ్ళని కూడగట్టింది. ఫలితంగా 2018లో కేరళ, దాని తర్వాత 2021లో తమిళనాడు, దుకాణాల చట్టాన్ని సవరించి పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు కల్పించాయి. కుర్చీ కోసం చట్టం కావాల్సి రావడం సిగ్గుచేటే. కానీ ఆ చట్టం ఎవరి దయవల్లా రాలేదు.

మనకున్న చట్టాలనైనా మనం వాడుతున్నామా? పదిమందికంటే తక్కువ పనిచేసేచోట లైంగిక వేధింపు జరిగితే 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. కర్రీ పాయింట్‌లో కూరలు తరిగే స్త్రీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకీ, అందులో మూడోవంతు స్త్రీలకీ ఇచ్చింది. మిరపకాయ బజ్జీల బండికి పిండి కలిపేది భార్య, గుర్తింపు పత్రం భర్త పేరున. ఆమె ఆ కమిటీలోకి ఎలా వస్తుంది?

చివరగా మన సంస్థల గురించే. అసంఘటిత రంగ స్త్రీల మీద రెండు రోజుల సదస్సు పెడతాం. భోజనాలకీ, టీ టిఫిన్లకీ, పాల్గొన్నవాళ్ళకిచ్చే గుడ్డ సంచులకీ మూడు కొటేషన్లు తెప్పించి, అందరికంటే తక్కువ రేటు ఇచ్చినవాళ్ళని ఎంచుకుంటాం. ఆడిటరు అడుగుతాడు గనక అంటాం. ఆ తక్కువ ఎవరి కూలిలోంచి కోశారో అదే సదస్సులో చర్చకి రాదు. కొటేషన్ ఫారంలో ఒక్క గడి చేర్చమని మన కార్యవర్గాల్ని అడగలేమా? పనిచేసేవాళ్ళకి రోజు కూలి ఎంత, ఎన్ని గంటలు, మరుగుదొడ్డి ఉందా లేదా. కనీస వేతనం ఇవ్వనివాళ్ళ కొటేషన్ ఎంత తక్కువైనా పక్కన పెడతామని తీర్మానం చేయలేమా? దాతలకి పంపే బడ్జెట్‌లో ఆ తేడాని బాహాటంగా రాయలేమా? డ్వాక్రా సంఘాలు మనకి సరఫరా చేసినా అవే ప్రశ్నలు, కాకపోతే సంఘం సభ్యులందరికీ వాటా చేరుతోందా అన్నది అదనం.

పేటలో దుకాణదారుడు ‘మీకెందుకు’ అంటే ఒక్కళ్ళం వెనక్కి రావాల్సి రావచ్చు. పదిమందిమి కలిసి సంఘం తరఫున వెళ్ళి అడిగితే జవాబు మారుతుంది. సంక్రాంతి ఆర్డర్లు ఇచ్చే రోజులే అందుకు సరైన సమయం. మన డబ్బు అప్పుడే వాళ్ళకి ఎక్కువ అవసరం.